ఒంటికి వెళ్తున్నాను, క్రేను ఆపండి

మా కుళాయి బాబాయికి ఒకటే అలవాటు. ఒంటికి వెళ్ళాల్సి వస్తే నలుగురికీ చెప్పి మరీ వెళ్ళేవాడు. చెవిలో చెప్పడం కాదు, వాకీటాకీలో చెప్పేవాడు. ఆ వాకీటాకీలో పలికిన మాట మేం కడుతున్న పద్దెనిమిది అంతస్తుల మీదా అరవైమంది చెవుల్లో ఒకేసారి పడేది.

"అందరూ వినండి," అనేవాడు, చావు కబురు మోసుకొచ్చినవాడి గొంతుతో. "నా పని అయిపోయింది. పొద్దున మూడు టీలు తాగాను. తాగినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు అనుభవిస్తున్నాను. ఒంటికి వెళ్తున్నాను, క్రేను ఆపండి."

క్రేను ఆగిపోయేది. బాబాయి పని సిగ్నల్ ఇవ్వడం. బరువు ఎటు జరపాలో, ఎక్కడ దించాలో కింద నిలబడి చేత్తో, వాకీటాకీతో చెప్పాలి. ఆ మనిషి అక్కడ లేకపోతే పైన క్రేను అంగుళం కదలకూడదని రూలు. పైన కూర్చుని దాన్ని నడిపేది నేను.

మనిషి చూస్తే చీపురుపుల్లకి హెల్మెట్ తొడిగినట్టు ఉండేవాడు. యాభై ఆరేళ్ళుంటాయి. ఇనప చువ్వలు కట్టే మేస్త్రికి ఆయన్ని ఏడిపించకపోతే అన్నం అరిగేది కాదు. కుళాయి అని పేరు పెట్టింది వాడే.

"బాబాయ్, నువ్వు వెళ్ళేది ఒంటికా, డ్యాము గేట్లెత్తడానికా?"

"నవ్వురా, నవ్వు. నీకూ వస్తుంది ఈ వయసు. అందాకా బతికుంటే."

బాబాయి ఏం చెప్పినా అంతే. ఎండ కాస్తే వడదెబ్బ కొడుతుందనేవాడు, మబ్బు పడితే పిడుగు పడుతుందనేవాడు. రెండూ కాకపోతే, "ఇంత ప్రశాంతంగా ఉందంటే ఏదో మూడింది" అనేవాడు.

ఇక నా సంగతి. నన్ను పనిలో పెట్టుకున్నరోజే అప్పటి మేనేజరు ఒక మాట అన్నాడు. "మగవాళ్ళయితే పైన సీసా పెట్టుకుంటారమ్మా, దిగరు. నువ్వు మాటిమాటికీ దిగావంటే పని సాగదు. అప్పుడు ఆ సీటు నీది కాదు. ముందే చెప్తున్నా."

సీసా గురించి నేనేం మాట్లాడతాను? తలూపాను. ఆ సీటు కోసం నాలుగేళ్ళు కింద ఇటుకలు మోశాను, రెండేళ్ళు క్రేను నేర్చుకున్నాను. పైకి రెండొందల ఇరవై మెట్లు, నిచ్చెన మెట్లు. దిగడానికి ఏడు నిమిషాలు, ఎక్కడానికి పది. మధ్యలో అసలు పనికి పట్టేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం నా బతుకు గాల్లో వేలాడుతోంది.

అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. నీళ్ళు మానేశాను. తాగకపోతే రాదు కదా, చిన్నపిల్లలకి కూడా తెలిసిన లెక్క. నిద్ర రాకుండా ఫ్లాస్కులో టీ, గొంతు ఎండకుండా నిమ్మ బిళ్ళలు, పొద్దున్నే రెండు ముక్కలు తెల్ల బ్రెడ్డు. మధ్యాహ్నానికి మా అత్త కట్టిచ్చిన డబ్బా. మా అత్త దృష్టిలో టమాటా లేనిది కూర కాదు, పచ్చిమిరపకాయ లేనిది టమాటా కాదు.

ఇంత పకడ్బందీగా ఉన్నా పది కొట్టేసరికి పొత్తికడుపులో ఎవరో తలుపు తట్టేవాళ్ళు. పదింపావుకి బాదేవాళ్ళు. పదిన్నరకి గునపాలు తెచ్చేవాళ్ళు. మంట ఒకటి. కిందికి చూస్తే భూమి ఎక్కడో ఉండేది. చేతిలో రెండు టన్నుల ఇనుము వేలాడుతుండేది. ఆ అద్దాల పెట్టెలో కూర్చుని ఎన్నిసార్లు ఏడ్చానో నాకే తెలుసు. ఇంట్లో చెప్పలేను, పనిలో చెప్పలేను. ఇవాళ కాకపోతే రేపు ఈ సీటు ఊడుతుందని రోజూ ఎక్కేటప్పుడే అనుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే వాకీటాకీ గరగరమనేది.

"అందరూ వినండి. నా పని అయిపోయింది."

బాబాయి అలా వెళ్ళగానే నేనిలా దిగేదాన్ని. ఎలాగూ క్రేను ఆగిందిగా, నడుం చాపుకోవడానికి దిగిందేమో అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు. క్రేను ఎందుకు ఆగిందో రాసే రిజిస్టరులో మాత్రం "సిగ్నల్ మనిషి ఒంటికి వెళ్ళాడు" అని పడేది. పక్కవాడి రోగం మీద బతకడం పాపమే. ఆ పాపం రోజుకి రెండుమూడు సార్లు చేసి, హాయిగా ఎక్కి కూర్చునేదాన్ని.

అలాగని బాబాయి మీద నాకు పెద్ద ప్రేమేం ఉండేది కాదు. సిగ్గు ఎక్కువ ఉండేది. వెళ్ళేవాడు ఊరికే వెళ్ళొచ్చుగా? ఏం తిని ఈ గతి పట్టిందో సవిస్తరంగా చెబితేగానీ కాలు కదిపేవాడు కాదు.

ఒకరోజు ఇలా అన్నాడు. "నిన్నంతా నీళ్ళు మానేశాను. తాగకపోతే రాదనుకున్నాను. ఏం తెలివి నాది. తాగకపోతే లోపలున్న కాసిని నీళ్ళూ చిక్కబడతాయి. ఆ చిక్కటిది లోపలి ఒంటి సంచికి తగిలితే మంట. మంటెక్కిన సంచి చుక్క పడ్డా గోల పెడుతుంది. అలా ఎక్కువసార్లు వెళ్తున్నాను. కొంచెం కొంచెంగా రోజంతా తాగాల్సింది. ఎవరైనా ముందు చెప్పారా నాకు? చెప్పరు. పోతే చూడ్డానికి మాత్రం వస్తారు."

"బాబాయ్, ఇది వాకీటాకీయా, ఆసుపత్రా?" అన్నాడు మేస్త్రి.

పైన నాకు దిగులు పట్టుకుంది. నీళ్ళు మానేసింది నేనూనూ. యాభై ఆరేళ్ళ ఆయన బ్లాడరూ, ముప్పై రెండేళ్ళ నా బ్లాడరూ కవలపిల్లల్లా ఎలా ఉన్నాయి? నేను అంత ముసలిదాన్ని అయిపోయానా?

ఇంకోరోజు టమాటాలు తిన్నానన్నాడు. ఆ పులుపు తన సంచికి పడలేదట, మిరపకాయ అసలే పడలేదట. మర్నాడు నిమ్మ బిళ్ళలు చప్పరించానన్నాడు. ఆ మాట అనేసరికి నా బుగ్గలో నిమ్మ బిళ్ళ ఉంది. గభాలున కిటికీలోంచి ఉమ్మేశాను. అది ఎవరి హెల్మెట్ మీద పడిందో ఇప్పటికీ తెలీదు.

అన్నిటికంటే ఘోరం, ఇళ్ళు కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజు. పదిహేనుమంది, ఇస్త్రీ బట్టలు, కొత్త తెల్ల హెల్మెట్లు. మేనేజరు వాళ్ళకి బాల్కనీలో గాలి గురించి చెబుతున్నాడు. ఆయన నడుముకున్న వాకీటాకీ గరగరమంది.

"అందరూ వినండి. మూడు రోజులనుంచి నాకు రెంటికి రాలేదు. రెంటికి రాకపోతే ఒంటికి ఆగదు, తెలుసా మీకు? లోపల ఆ పెద్దాయన కదలకుండా కూర్చుని పక్కనున్న సంచిని నొక్కుతాడు. అరటిపండు తినండి, ఆకుకూరలు తినండి, పొట్టుతో ఉన్న గింజలు తినండి. నాలాగా తెల్ల బ్రెడ్డు తిని నాశనమైపోకండి. ఒంటికి వెళ్తున్నాను, క్రేను ఆపండి."

మేనేజరు మొహం ఇటుక రంగులోకి తిరిగిందట. వచ్చినవాళ్ళలో ఒకావిడ మాత్రం సంచిలోంచి పెన్ను తీసి, "పొట్టుతో ఉన్న గింజలు అన్నాడు కదా?" అని పక్కావిడని అడిగి రాసుకుందట. ఆవిడ ఇల్లు కొన్నది కూడా.

సిగ్గు పడుతూనే ఆయన చెప్పినవన్నీ చేయడం మొదలుపెట్టాను. మునిగిపోయేవాడికి గడ్డిపోచ ఎవరు విసిరితే ఏం? టీ మూడు కప్పుల్నుంచి ఒకటికి దించాను. సీసాలో నీళ్ళు పెట్టుకుని గంటకో నాలుగు గుటకలు. బ్రెడ్డు బదులు అరటిపండు. మిగిలింది మా అత్త.

"కూరలో టమాటా, మిరపకాయ తగ్గించత్తా."

"ఎవరు చెప్పారు?"

"మా సిగ్నల్ బాబాయి."

"నా వంట సంగతి ఆయనకేం తెలుసు?"

"వంట కాదత్తా. ఆయన బ్లాడరు సంగతి."

మా అత్త గరిటె కింద పెట్టి నావైపు తిరిగింది. "అవన్నీ నీతో మాట్లాడతాడా? సిగ్గులేని మనిషి," అంది. టమాటాలు మాత్రం తగ్గించింది. నెల తిరిగేసరికి మూడుసార్లు దిగేదాన్ని రెండుసార్లకి వచ్చాను. ఒక్కోరోజు ఒక్కసారే. చిత్రం ఏమిటంటే బాబాయి జబ్బు కూడా సరిగ్గా అంతే తగ్గింది.

అలా సాగిపోయేదే. కానీ పాత మేనేజరు పోయి కొత్తాయన వచ్చాడు. వస్తూనే రిజిస్టరు తిరగేశాడు. నెలలో క్రేను నలభై ఒక్కసారి ఆగింది. నలభై ఒక్కసారీ కారణం ఒకటే.

మధ్యాహ్నం అందరిముందూ బాబాయిని పిలిచాడు. "శనివారం స్లాబు పోస్తున్నాం. మధ్యలో ఆగితే కాంక్రీటు గట్టిపడిపోతుంది. ఆ రోజు నువ్వు ఒక్కసారి ఒంటికి వెళ్ళినా సాయంత్రానికి సామాను సర్దుకో."

"ఒక్కసారి కూడా వెళ్ళకుండా అంటే కష్టం సార్," అన్నాడు బాబాయి. "ఇప్పుడే సర్దుకోమంటారా?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన పోతే కొత్త సిగ్నల్ మనిషి వస్తాడు, గట్టి బ్లాడరువాడు. అప్పుడు నేనూ పోతాను. నా స్వార్థం అంతవరకే ఆలోచించింది.

ఆ దిగులుతోనే చేతులు కడుక్కోవడానికి వెళ్తే, మరుగుదొడ్లు కడిగే అక్క చీపురు పట్టుకుని నిలబడి ఉంది. "పాపం బాబాయి. ఆ ఒంటి గొడవ ఉద్యోగం మీదికి తెచ్చింది," అన్నాను.

"ఏ ఒంటి గొడవ?" అంది అక్క.

"అదే, రోజుకి మూడుసార్లు..."

"నీకు తెలీదా? మగవాళ్ళవైపు కడిగేదీ నేనే. ఆయన అటు వచ్చేది భోజనాలప్పుడు, అందరిలాగే. వాకీటాకీలో అంత గోల పెట్టి, పోయి ఇసకకుప్ప వెనక కూర్చుంటాడు. నువ్వు దిగి, ఇటొచ్చి, మళ్ళీ పైకెక్కేదాకా నీ నిచ్చెన వైపే చూస్తూ ఉంటాడు. నువ్వు చివరి మెట్టు ఎక్కాక లేచి, బెల్టు సర్దుకుంటున్నట్టు నటిస్తూ వెళ్తాడు. నాకు తెలిసి మూడు నెలలైంది. మీరిద్దరూ మాట్లాడుకునే చేస్తున్నారనుకున్నా."

నేను తిన్నగా ఇసకకుప్ప దగ్గరికి వెళ్ళాను. బాబాయి అక్కడే కూర్చుని అరటిపండు తింటున్నాడు.

"బాబాయ్, నీకు ఏ జబ్బూ లేదట."

"ఎవరు పుట్టించారమ్మా ఆ పుకారు?" అన్నాడు, పరువు పోయినవాడిలా.

"మరుగుదొడ్ల అక్క."

బాబాయి తొక్క మడిచి పక్కన పెట్టాడు. ఆ అక్క సాక్ష్యం మీద అప్పీలు లేదని ఆయనకీ తెలుసు.

"నేను దిగాలని నీకెలా తెలిసేది?"

"క్రేను కొక్కెం చెబుతుందమ్మా. మామూలప్పుడు నువ్వు బరువు దించితే నిద్రపోయే పసిబిడ్డని పక్కమీద వేసినట్టుంటుంది. ఆపుకుంటున్నప్పుడు కొక్కెం ఊగుతుంది. మొదటి వారంలోనే చూశాను. ఆ ఊపుకి ఎవరి తలో పగులుతుంది, లేదా నువ్వే ఏ రోగమో తెచ్చుకుంటావు. ఎలా చూసినా చావే కనిపించింది నాకు."

"నాకు చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? ఆడపిల్లని పట్టుకుని, అమ్మాయ్, నీ ఒంటి సంగతేంటి అని అడగనా? అందుకే నామీద వేసుకున్నాను. నాకేం పోయింది, పరువేగా."

"మరి ఆ టీలు, టమాటాలు?"

బాబాయి చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. వాకీటాకీలో గొంతు తగ్గించని మనిషి. "ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికెళ్ళా. నాకే జబ్బని చెప్పా. మూడు రోజులు ఏం తిన్నావో, ఏం తాగావో, ఎన్నిసార్లు వెళ్ళావో రాసుకు రమ్మంది. పొద్దున నువ్వు తినే బ్రెడ్డు చూశా, భోజనానికి దిగినప్పుడు నీ డబ్బా, ఫ్లాస్కు, నిమ్మ బిళ్ళలు చూశా, నీళ్ళ సీసా లేకపోవడం చూశా, దిగినప్పుడల్లా లెక్కపెట్టా. అంతా రాసిచ్చా. ఆవిడ కాగితం చూసింది, నన్ను చూసింది. 'ఈ వయసులో ఇన్ని నిమ్మ బిళ్ళలేంటి తాతా' అంది."

"ఇంకా?"

"ఒక్కొక్కరికి ఒక్కోటి పడదు, ఏది పడట్లేదో ఒక్కోటీ మానేసి చూడమంది. జ్వరం వచ్చినా, రక్తం కనిపించినా వెంటనే రమ్మంది. అందుకే ఒక్కోటీ మాన్పించా. అది కాక..." అని ఆగాడు.

"అది కాక?"

"ఈ వయసు మగవాళ్ళకి ఇంకో పరీక్ష కూడా ఉంటుందని డాక్టర్ని పిలిచింది. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని, బల్ల మీద పక్కకి తిరిగి పడుకోమన్నాడు. పడుకున్నా. మధ్యలో అబద్ధమని ఎలా చెప్పను? ఆ సంగతి ఇంకెప్పుడూ అడక్కు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "నేను మేనేజరుతో చెప్పేస్తాను బాబాయ్."

"నోర్ముయ్. నీ సీటు పోతుంది. నాదేముంది, ఎప్పుడో ఒకప్పుడు పోయే ఉద్యోగమే."

శనివారం వచ్చింది. ఇక్కడ నా తెలివి గురించి ఒక మాట చెప్పాలి. ఇన్ని నెలలు విన్నదంతా ఆ పొద్దున్న భయంలో కొట్టుకుపోయింది. ఈ ఒక్కరోజుకి అని నీళ్ళు మానేశాను. రాత్రి నిద్రలేదు కాబట్టి రెండు టీలు తాగాను. పదిన్నరకి గునపాలవాళ్ళు వచ్చేశారు.

కింద కాంక్రీటు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. మేనేజరు చేతులు కట్టుకుని బాబాయి పక్కనే నిలబడ్డాడు. నేను పళ్ళు బిగించి కాంక్రీటు నింపిన పెద్ద బకెట్టు లేపాను. చెయ్యి స్థిరంగానే పెట్టాననుకున్నాను. బకెట్టు అటూ ఇటూ ఊగింది. కింద చిన్న పుల్లలాంటి ఆకారం తలెత్తి ఆ ఊపు చూసింది. తర్వాత వాకీటాకీ మూతి దగ్గర పెట్టుకుంది.

"అందరూ వినండి. నా పని అయిపోయింది."

ఆ రోజు అది నిజంగానే అయిపోతోంది. వాకీటాకీలో ఒకరు మీట నొక్కి మాట్లాడుతుంటే ఇంకొకరి మాట పోదు. ఆయన ఆగేదాకా నేను ఆగాలి. అదృష్టం, బాబాయి ఏడుపుకి ముందు ఎప్పుడూ ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఆ నిట్టూర్పులో మీట వదిలాడు. నేను నొక్కాను.

"సార్, బాబాయికి ఏ జబ్బూ లేదు. ఒంటికి వెళ్ళేది నేను. నలభై ఒక్కసారీ నేనే. ఇది నలభై రెండు. బకెట్టు దించేసి దిగుతున్నాను. నా సీటు ఉందో ఊడిందో దిగాక చెప్పండి. ఇప్పుడు వినే ఓపిక లేదు."

బకెట్టు పసిబిడ్డలా దించాను, అదెలా కుదిరిందో తెలీదు. రెండొందల ఇరవై మెట్లు దిగాను. ఒక్కో మెట్టు దగ్గరా ఒక్కోసారి ఉద్యోగం పోయింది. కింద మేనేజరు ఏదో అనడానికి నోరు తెరిచాడు. "రెండు నిమిషాలు సార్," అని పక్కనుంచి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి అందరూ గుమిగూడారు. మేనేజరు బాబాయి మీద పడ్డాడు. "ఇన్ని నెలలు అబద్ధం చెప్పావా?"

"ఒక్కటే అబద్ధం సార్. మళ్ళీ మళ్ళీ చెప్పాను, అంతే."

"ఏమ్మా, నువ్వెందుకు చెప్పలేదు?"

"దిగితే సీటు పోతుందన్నారు సార్. చెప్పి పోగొట్టుకోవడమా, చెప్పకుండా పోగొట్టుకోవడమా అని చూస్తున్నాను."

అప్పుడు చువ్వల మేస్త్రి హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. ఏదో ఎగతాళి వస్తుందనుకున్నాం. "సార్, నేనూ నీళ్ళు తాగను. పద్నాలుగో అంతస్తు నుంచి దిగితే తిడతారని. మంటగానే ఉంటుంది. బాబాయి చెప్పినవి నేనూ చేస్తున్నాను సార్. కొంచెం నయం," అన్నాడు. వెనక ఇంకో ఇద్దరు నేల వైపు చూస్తూ తలలూపారు.

మేనేజరు లారీల వైపు చూశాడు, మా వైపు చూశాడు. "కాంక్రీటు గట్టిపడుతోంది," అన్నాడు.

"ఎక్కమంటారా సార్?"

ఆయన పైకి చెయ్యి చూపించాడు. నేను ఎక్కాను. ఒక బకెట్టు కాంక్రీటు పారబోశారు, మిగతా స్లాబు సాయంత్రానికి పూర్తయింది.

సోమవారం గోడ మీద కాగితం అంటించారు. పదిన్నరకి ఒకసారి, మూడింటికి ఒకసారి, ప్రతి ఒక్కరికీ విరామం. దయతో ఇచ్చింది కాదని మేనేజరు నోటితోనే చెప్పాడు. ఎప్పుడు ఆగుతుందో తెలీని నలభై ఒకటికంటే, ముందే తెలిసి రోజూ ఆగే రెండూ నయమట.

అందరం బాగుపడ్డాం, బాబాయి తప్ప. ఆయనకి చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. వారం రోజులు వాకీటాకీలో "ఎత్తు, దించు, కుడికి" తప్ప ఇంకో మాట లేదు. మేస్త్రే తట్టుకోలేకపోయాడు.

"బాబాయ్, తోచట్లేదు. ఒక్కసారి ఒంటికి వెళ్ళొచ్చుగా."

"దేనికిరా? నా జబ్బు నయమైపోయింది," అన్నాడు బాబాయి, అందరూ పోయినవాడిలా. "ఇంకేముంది నా బతుకులో?"

తర్వాత ఒక మధ్యాహ్నం, అందరూ ఇంకా భోజనాల దగ్గరుండగానే ముందే ఎక్కేసి, నేను పైనుంచి చూశాను. మేనేజరు ఒక్కడే నడుచుకుంటూ బాబాయి దగ్గరికి వెళ్ళాడు. జేబుల్లో చేతులు, తల కిందికి. కాసేపు చువ్వలు చూస్తున్నట్టు నటించాడు. తర్వాత ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. బాబాయి వింటూ నాలుగు వేళ్ళు చూపించాడు, ఇన్నిసార్లా అన్నట్టు. మేనేజరు తలూపాడు. చేతులు జోడించినంత పని చేసి, వాకీటాకీ వైపు చూపించి, వద్దు వద్దు అన్నట్టు చెయ్యి ఊపాడు. బాబాయి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున వాకీటాకీ గరగరమంది. అరవైమందీ చేతిలో పని ఆపారు.

"అందరూ వినండి. నా పని అయిపోయింది. రాత్రి పడుకోబోయే ముందు పెద్ద సీసాడు కూల్‌డ్రింకు తాగాను. ఆ గ్యాసు, ఆ తీపి, పైగా పడుకునే ముందు. నాలుగుసార్లు లేచాను. సాయంత్రం నుంచే తగ్గించి తాగాల్సింది, తాగినా మంచినీళ్ళే తాగాల్సింది. ఎవరికి చెప్పుకోను? మా ఆవిడ వేరే గదిలో పడుకుంటానంటోంది."

బాబాయి మీట వదిలాడు. తర్వాత మేస్త్రి గొంతు వచ్చింది.

"బాబాయ్, నీకసలు పెళ్ళే కాలేదుగా?"

బాబాయి నిట్టూర్చాడు.

"ఆ కూల్‌డ్రింకు అంత చెడ్డదిరా," అన్నాడు.